అమ్మమ్మ ఒడిలో నీళ్ళు

పక్వారే నదిలోకి పడవలు దించే రేవులో, ఇవతలి గట్టునే, నల్లని బండ ఒకటి ఉంది. కాళ్ళు ముడుచుకుని కూర్చున్న ముసలావిడలా ఉంటుంది. మోకాళ్ళు, ఒడి, భుజం, కాస్త వంగిన తల. చుట్టుపక్కల అందరికీ అది అమ్మమ్మ. నీళ్ళు ఆమె మోకాళ్ళ దగ్గరే ఉంటే పడవ అడుగు రాళ్ళకి గీరుకుంటుంది. ఒడిలో ఉంటే మంచి రోజు. చంక తడిసిందంటే ఆ రోజు నదిలోకి ఎవరూ దిగరు. రబ్బరు పడవలు మళ్ళీ బస్సు మీదికి ఎక్కుతాయి.

ఈ లెక్క ఎవేలియో ఒబాందోకి తండ్రి నేర్పాడు. ఆ రేవులోనే, నది మీద ఇనపతీగకి వేలాడే బుట్టను చేత్తో లాగి మనుషుల్ని దాటించేవాడు తండ్రి. పందుల్ని, కాఫీ బస్తాలని, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళని, ఒకసారి కళ్ళు గట్టిగా మూసుకున్న ఒక పాదరీని దాటించాడు. తాడు పట్టుకునే ముందు రోజూ బండకేసి చూసేవాడు. నది ఏమైనా చెబుతుంది, నువ్వు అమ్మమ్మని అడుగు, అనేవాడు. తర్వాత దిగువన వంతెన వచ్చింది. తీగ తుప్పు పట్టింది. బుట్టలో కోళ్ళు గుడ్లు పెట్టాయి. తండ్రి ఇంకో పని నేర్చుకోకుండానే పోయాడు.

ఎవేలియో కొన్నేళ్ళు చెరుకు నరికాడు. ఒక రోజు ఎక్కడినుంచో మనుషులు రబ్బరు పడవలు తెచ్చి, గట్టున కూర్చుని గాలి కొట్టుకుంటూ, ఈ నది తెలిసినవాడెవరని అడిగారు. ఊళ్ళోవాళ్ళు చెరుకుతోట వైపు చెయ్యి చూపించారు. కత్తి చేతిలో ఉండగానే వచ్చాడు. అప్పటినుంచి అదే బతుకు. ఇప్పుడు యాభై దాటాయి. చలికి మోకాళ్ళు పట్టేస్తాయి. ఎవరిదో తెడ్డు పిడి తగిలి చీలిన కింది పెదవి, అతుక్కున్నా, నవ్వినప్పుడు ఒక పక్కకే కదులుతుంది. అందుకే తక్కువ నవ్వుతాడని భార్య నీదియా అంటుంది. నదిలో ఉన్నప్పుడు అతని గొంతు పెరగదు. ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం రేకుల మీద వాన పడితే నిద్ర పట్టదు. పైన తలమాంకా కొండల్లో ఎంత కురుస్తోందో ఆలోచిస్తూ పడుకుంటాడు.

ఏ కంపెనీ గైడ్లయినా సరే, పొద్దున రేవులో అతని కోసం ఆగుతారు. అతను బండ దగ్గరికి నడిచి వెళ్ళి వంగి చూస్తాడు. "ఏమంటోంది, దోన్ ఎవేలియో?" అని వెనకనుంచి, పేరుకి ముందు మర్యాదకి దోన్ చేర్చి, అడుగుతారు. "రమ్మంటోంది" అంటే పడవలు దిగుతాయి. ఒక్కో గైడూ తడి తెడ్డుతో బండ వీపు మీద ఒకటి చరిచి, "అమ్మమ్మా, వెళ్ళొస్తాం" అని కదులుతాడు. ఆ ఒక్క మాట కోసం అంతమంది ఆగడం ఎవేలియోకి ఇష్టం. ఆ ఇష్టం ఎంత లోతుకి దిగిందో అతను ఎప్పుడూ చూసుకోలేదు.

ఆ నవంబరులో పెద్ద వరద వచ్చింది. రేవుకి వెళ్ళే దారి మీద చెట్లు పడ్డాయి. నదిని మూసేశారు. వరద తీసి, దారి బాగుపడ్డాక, కార్తాగో పట్నం నుంచి బడి టీచర్లు వస్తున్నారని కంపెనీ కబురు పెట్టింది. వరద తర్వాత అదే మొదటి ప్రయాణం. రెండు పడవలు. మొదటిది ఎవేలియోది. రెండోది అతని కూతురు దామారిస్‌ది.

దామారిస్ అంతకుముందు సామాను పడవ తోలింది, ఖాళీ పడవ తోలింది. మనుషుల్ని ఎక్కించుకుని ఒక్కతే నడపడం అదే మొదలు.

పొద్దున నీదియా బెల్లం నీళ్ళు కాచి ఇద్దరికీ కప్పుల్లో పోసింది. రాత్రి అన్నాన్ని నల్ల చిక్కుడు గింజలతో కలిపి వేయించి పెట్టింది.

"ఎట్లా తీసుకెళుతున్నావో అట్లా తీసుకురా" అంది భర్తతో.

"నేనేమన్నా కోడిపిల్లనా?" అంది దామారిస్.

"కోడిపిల్లవైతే బుట్ట కింద మూసిపెట్టేదాన్ని. తిను."

"నా వెనకే ఉంటుంది" అన్నాడు ఎవేలియో. "నేనెటు వెళితే అటు. నేనాగితే ఆగుతుంది."

"మీరు ఆగకపోతే?" అంది కూతురు.

అతను కప్పులోకి చూశాడు. "నేనాగని చోట ఎవరూ ఆగక్కర్లేదు."

*

రేవు దగ్గర టీచర్లు హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు చూసి నవ్వుకుంటున్నారు. బడి పెద్దావిడ దోన్యా ఫ్లోరీకి లైఫ్ జాకెట్ పట్టీ అందడం లేదు. ఒక్క మనిషే పట్టే కయాక్ పడవలో వెంట వచ్చే రుఫీనో మోకాలు ఆనించి పట్టీ లాగాడు.

"బాబూ, ఊపిరి తీసుకోనిస్తావా?"

"నీళ్ళలో పడ్డాక తీసుకుందురుగాని, దోన్యా."

"నాకు ఈత రాదు. అరవడం మాత్రం బాగా వచ్చు."

"అరిస్తే చాలు. నేను వింటా. లాగాలా వద్దా అన్నది అప్పుడు ఆలోచిస్తా."

ఆకాశం తెల్లగా ఉంది. వాన లేదు. కొండలు ఉన్న చోట కొండలు కనపడడం లేదు. అవతలి గట్టున అడవిలో ఉండే కబేకర్లు తమ దోనెను ఎప్పుడూ కట్టే వేరుకి కాకుండా బాగా పైన, చెట్టు మొదలుకి కట్టారు. ఎవేలియో అది చూశాడు. వరద భయం ఇంకా పోలేదు పాపం, అనుకున్నాడు.

బండ దగ్గరికి వెళ్ళి వంగాడు. అంత వరదకీ బండ కదల్లేదు, ఒరగలేదు. నీళ్ళు సరిగ్గా ఒడిలో ఉన్నాయి. చంక పొడిగా ఉంది. పొడి నాచు మీద ఒక సాలీడు కూడా ఉంది.

"ఏమంటోంది?" అన్నాడు రుఫీనో.

"రమ్మంటోంది."

దామారిస్ బండ వైపు చూడడం లేదు. నది నడుమ ఉన్న రాళ్ళ లంక వైపు తల తిప్పి నిలబడింది. లంక నిండా రెల్లు, మనిషికి రెండింతల ఎత్తు. దాని వెనక పాత పాయ ఒకటి ఉండేది. ఎవేలియో పుట్టకముందే ఎండిపోయింది. అక్కడ పశువులు మేసేవి.

"నాన్నా, రెల్లు వెనక చప్పుడు వినిపిస్తోందా?"

"నది చప్పుడు."

"నది ఇటుంది. చప్పుడు అటునుంచి వస్తోంది."

"వరదకి ఎక్కడో నీళ్ళు నిలిచి ఉంటాయి. కారుతున్నాయి."

"ఒకసారి అటు వెళ్ళి చూసొస్తే?"

రుఫీనో వాళ్ళిద్దరినీ చూస్తున్నాడు. డ్రైవర్ తోబియాస్ బస్సు మెట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. టీచర్లు కూడా మాట్లాడడం ఆపారు.

"మీ తాతకంటే నీకు ఎక్కువ తెలిస్తే చెప్పు, పడవలు బస్సు ఎక్కిస్తా" అన్నాడు ఎవేలియో. మామూలుగానే అన్నాడు. తోబియాస్ నవ్వాడు. దామారిస్ తన తెడ్డు పిడికి చుట్టిన ఆకుపచ్చ టేపును బొటనవేలితో గట్టిగా అదిమింది.

పడవలు దిగాయి. ఎవేలియో బండ వీపు మీద చరిచాడు. వెనక ఇంకో చరుపు వినిపించింది. కూతురు మాట వినిపించలేదు.

*

మొదటి మలుపు తిరగగానే లంక అయిపోతుంది. అక్కడ నది రెండు రంగుల్లో ఉంది.

ఇటునుంచి వస్తున్నవి ఆకుపచ్చ నీళ్ళు, తమతో వచ్చినవి. అటు, రెల్లు చివరినుంచి, ఇంకో నది వచ్చి కలుస్తోంది. దాని రంగు పాలు తక్కువ పోసిన కాఫీ. దాని మీద పచ్చి ఆకులు, విరిగిన కొమ్మలు, నురగ. వరద పాత పాయను తెరిచింది. సగం నది అటు పోతోంది. అమ్మమ్మ చూసింది మిగిలిన సగాన్నే.

ఎవేలియోకి అంతా ఒక్కసారిగా అర్థమైంది. కూడికలూ తీసివేతలూ అక్కర్లేదు. రెండు నీళ్ళూ కలిస్తే అమ్మమ్మ చంక కాదు, తల మునుగుతుంది.

కుడివైపు గులకరాళ్ళ గట్టు ఉంది. చదునైన గట్టు. తెడ్డు అడ్డంగా ఎత్తితే చాలు, ఆగమని గుర్తు, వెనక పడవ కూడా అక్కడే ఆగుతుంది. తర్వాత గట్టు వెంట నడిచి రేవుకి పోవచ్చు. తోబియాస్ ఇంకా బస్సు తిప్పి ఉండడు. ఎందుకు తిరిగొచ్చారని తోబియాస్ అడుగుతాడు. రుఫీనో అడగడు, సాయంత్రం ఊళ్ళో చెబుతాడు. టీచర్లు తడి బట్టలతో బస్సులో కూర్చుంటారు. దామారిస్ ఏమీ అనదు.

బూరుగు రేవు ఉందిగా, అనుకున్నాడు. దవడల ఇరుకులోకి పోకముందు ఆగడానికి బూరుగు రేవు ఉంది. అక్కడిదాకా చూద్దాం.

గట్టు వెనక్కి పోయింది.

అతను వెనక్కి తిరగలేదు. తిరిగితే కూతురు తన మొహం చూస్తుంది.

రుఫీనో కయాక్ దగ్గరికి తెచ్చాడు. "గురూ, ఇవి ఎక్కడి నీళ్ళు?"

"కొండ మీద వాన."

రుఫీనో నీళ్ళలో చెయ్యి పెట్టి, తీసి, వేళ్ళు రుద్దుకున్నాడు. వేళ్ళ మధ్య మట్టి.

ఆ తర్వాత నది వాళ్ళని మోసుకుపోయింది. ఎప్పుడూ రాళ్ళ మధ్య తప్పించుకుంటూ పోయే చోట రాళ్ళు లేవు, వాటి మీదినుంచి నున్నగా వంగుతున్న నీళ్ళున్నాయి. టీచర్లకి ఇది బాగుంది. ఎగిరి పడుతున్నారు, కేకలు పెడుతున్నారు. "ముందుకు" అంటే తెడ్లు వేస్తున్నారు, "ఆపండి" అంటే ఆపుతున్నారు. దోన్యా ఫ్లోరీ ఒక్కతే కొంతసేపటికి కేకలు మానేసింది.

"దోన్ ఎవేలియో, పక్షులు ఏవండీ?"

అప్పుడు అతను కూడా విన్నాడు. అడవిలో ఏ చప్పుడూ లేదు. నది చప్పుడు కూడా మారింది. పైన హోరు తగ్గి, అడుగున ఏదో దొర్లుతోంది. నీళ్ళ కింద బండలు దొర్లే చప్పుడు అది. పడవ అడుగునుంచి అరికాళ్ళకి తెలుస్తోంది.

"వాన వస్తుందని గూళ్ళలోకి పోయుంటాయి" అన్నాడు.

ఆమె అతని మొహం చూసింది. బడిలో ఎంతమంది పిల్లల మొహాలు అలా చూసిందో. మళ్ళీ ముందుకి తిరిగి కూర్చుని తాడు పట్టుకుంది.

మధ్యాహ్నం ఆగి పడవ బోర్లించి, దాని మీద అనాసపండ్లు, రొట్టెలు పరిచి తినే ఇసుకతిన్నె ఒకటి ఉంది. అది కనపడలేదు. ఉన్న చోట నీళ్ళున్నాయి. ఒక ఆవు కొట్టుకుపోతోంది. ఎవేలియో చేత్తో ఆకాశం వైపు చూపించి ఏదో చెప్పాడు. అందరూ పైకి చూశారు. ఆవు దాటిపోయింది.

*

దవడలంటే రెండు కొండలు దగ్గరికొచ్చి నదిని మధ్యలో నొక్కే చోటు. రెండు వైపులా నిట్టనిలువు గోడలు. అందులోకి వెళ్ళిన పడవ ఆగదు, బయటికి రావడమే. దానికి కాస్త ఎగువన, ఎడమ గట్టున, పెద్ద బూరుగు చెట్టు కింద, రాతి ముక్కు వెనక నిలకడ నీళ్ళుంటాయి. అదే బూరుగు రేవు. అక్కడినుంచి పాత గాడిదల బాట అడవిలోంచి, పడవల ప్రయాణం ముగిసే వంతెన దాకా పోతుంది.

ఎవేలియో దూరంనుంచే తెడ్డు అడ్డంగా ఎత్తాడు. ఆగమని. ఈసారి వెనక్కి తిరిగి చూశాడు. దామారిస్ కూడా అప్పటికే పడవను ఎడమకి తిప్పుతోంది.

"వెయ్యండి" అన్నాడు తన వాళ్ళతో. "గట్టిగా. ఆపొద్దు." గొంతు పెరిగింది. టీచర్లు ఒక్కసారిగా వంగి వేశారు. పడవ రాతి ముక్కును రాసుకుని లోపలికి దూసుకుపోయింది. రుఫీనో కయాక్‌లోంచి దూకి వేరు పట్టుకున్నాడు.

రెండు పడవలు పక్కపక్కన నిలిచే చోటు అది. ఇప్పుడు నీళ్ళు పెరిగి ఒక్క పడవకే చోటుంది. ఆ చోటులో తన పడవ ఉంది.

"దిగండి, దిగండి. పడవ పైకి లాగండి" అన్నాడు. అందరూ ఒకేసారి లేచారు. ఒకరి కాలు తాడులో చిక్కుకుంది. పడవ కదల్లేదు.

దామారిస్ పడవ ముక్కు, అతని పడవ వెనక భాగానికి తగిలింది. తగిలి, తిరిగింది. అతను తాడు సంచి విసిరాడు. తాడు గాల్లో విచ్చుకుంటూ వెళ్ళి పడవ మీద సరిగ్గానే పడింది. ముందు కూర్చున్న లెక్కల మాస్టారు పట్టుకున్నాడు. తడి తాడు అతని అరచేతుల్లోంచి జారిపోయింది.

దామారిస్ తండ్రిని చూసింది. ఎంతోసేపు కాదు. తర్వాత అటు తిరిగి, పడవను నిటారుగా తిప్పుకుని, "ముందుకు" అంది. ఆ గొంతులో భయం లేదు. అతనికి ఆమె వీపు కనపడింది, హెల్మెట్ కనపడింది, తర్వాత గోడ మలుపు ఒక్కటే కనపడింది.

రుఫీనో అప్పటికే కయాక్ ఎక్కుతున్నాడు.

"రుఫీనో."

"తెలుసు" అన్నాడు రుఫీనో. నది అతన్ని కూడా తీసుకుపోయింది.

ఎవేలియో తన పడవ వైపు చూశాడు. తెడ్లు వేసే మనుషుల్లేని పడవ ఆ నీళ్ళలో తిరగబడుతుంది. వెతకాల్సినవాళ్ళు ఇంకొకరు పెరుగుతారు, అంతే. పైగా గట్టు మీద ఆరుగురు తడిసి వణుకుతూ అతన్నే చూస్తున్నారు. వాళ్ళకి బాట తెలియదు.

"నడవండి" అన్నాడు.

*

బాట వరదకి కొన్ని చోట్ల జారిపోయింది. ముళ్ళ తీగల్ని అతను చేతుల్తో పక్కకి లాగుతూ నడిచాడు. కింద, ఆకుల అవతల, దవడల్లో నది చప్పుడు మనుషులు లోపలినుంచి తలుపు తడుతున్నట్టుంది. అతను దాంట్లో ఇంకేదైనా వినపడుతుందేమోనని ఆగేవాడు. ఆగినప్పుడల్లా అందరూ ఆగేవాళ్ళు.

ఒక చోట చెట్లు విరిగిపడి కిందికి కనపడింది. గోడ పక్కన సుడిలో ఒక తెడ్డు తిరుగుతోంది. పిడికి ఆకుపచ్చ టేపు. మునుగుతోంది, లేస్తోంది, అక్కడే తిరుగుతోంది.

దోన్యా ఫ్లోరీ అతని పక్కకి వచ్చి నిలబడింది. ఆమె కూడా చూసింది.

"ఆ పిల్ల మీకేమవుతుంది?"

"కూతురు."

"ఆ పడవలో నా చెల్లెలుంది" అంది. "నడవండి."

వంతెన కనపడేసరికి వాన మొదలైంది. తోబియాస్ వంతెన మధ్యలో నిలబడి కిందికి చూస్తున్నాడు. వీళ్ళ వైపు తిరగలేదు. ఎవేలియో పరుగెత్తలేదు. కమ్మీ పట్టుకుని కిందికి చూశాడు.

గులకరాళ్ళ మీద పడవ సగం గాలి పోయి పడి ఉంది. పక్కన మనుషులు. ఒకామె పడుకుని ఉంటే ఇంకొకామె తల పట్టుకుంది. లెక్కల మాస్టారు అరచేతులు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. రుఫీనో మోకాళ్ళూ చేతులూ ఆనించి వంగి నీళ్ళు కక్కుతున్నాడు. దామారిస్ నిలబడి ఉంది. కనుబొమ మీదినుంచి రక్తం, వానతో కలిసి, మెడ దాకా కారుతోంది.

అతను కిందికి దిగాడు. దోన్యా ఫ్లోరీ అతన్ని దాటుకుని, పడుకున్నామె దగ్గరికి వెళ్ళింది.

"ఆవిడకి భుజం ఎముక విరిగినట్టుంది" అంది దామారిస్. "అందరూ ఉన్నారు. తిరగబడలేదు. ఒకావిడ పడిపోతే రుఫీనో అందుకున్నాడు."

"సరే."

"నాన్నా, మొదటి మలుపులో చూశారు కదా. రెండు రంగులు."

లేదనొచ్చు. ఆమె నమ్మేది కూడా.

"చూశాను."

ఆమె తలాడించింది. "నేనూ చూశాను. మీరు ఒకసారి వెనక్కి తిరుగుతారని చూస్తూనే ఉన్నాను. తిరగలేదు. చూసి ఉండరులే, అనుకున్నా."

ఆ తర్వాత ఇద్దరూ కలిసి పడుకున్నామెను బస్సులోకి ఎక్కించారు.

ఇంట్లో నీదియా కూతురి కనుబొమకి వేసిన కుట్లు చూసింది. భర్తని చూసింది.

"ఎట్లా తీసుకెళ్ళానో అట్లా తేలేదు" అన్నాడు.

ఆమె బెల్లం నీళ్ళు వేడి చేసి ఒక్క కప్పులోనే పోసి, కూతురి ముందు పెట్టింది.

*

ఆ రాత్రి కొండల్లో కురుస్తూనే ఉంది. తెల్లవారాక ఎవేలియో అటక మీదినుంచి చెరుకు కత్తులు రెండు తీశాడు. దామారిస్‌ని రమ్మనలేదు. ఆమే వచ్చింది.

రేవులో బండ దగ్గర నీళ్ళు మోకాళ్ళకి దిగి ఉన్నాయి. అంత వాన పడ్డాక కూడా దిగి ఉన్నాయి. నడుముకి తాడు కట్టుకుని ఇద్దరూ లంక మీదికి నడిచే దాటారు. అతని జన్మలో ఆ నెలలో అక్కడ నడిచి దాటింది లేదు. రెల్లు నరకడం మొదలుపెట్టారు. నరికిన చోట అవతలి పాయ కొంచెం కొంచెంగా కనపడింది. నిండుగా, చప్పుడు పెద్దగా లేకుండా, చెట్లని వేళ్ళతో సహా మోసుకుపోతోంది.

ఇంకో కంపెనీ బస్సు వచ్చి రేవులో ఆగింది. ఒల్మాన్ అనే గైడు దిగి, బండ దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు.

ఎవేలియో కత్తి దామారిస్ దగ్గరే వదిలి ఇటు దాటి వచ్చాడు.

"పడవలు దించొద్దు."

"ఏమంటోంది, దోన్ ఎవేలియో?"

"అమ్మమ్మ ఇప్పుడేమీ అనదు. అటు చూడు."

ఒల్మాన్ లంక వైపు చూశాడు. నరికిన సందులోంచి మట్టి రంగు కదులుతోంది. "మీకెవరు చెప్పారు?"

"మా అమ్మాయి. నిన్న చెప్పింది. నేను వినలేదు."

ఒల్మాన్ చాలాసేపు చూశాడు. తర్వాత అతని కళ్ళు మెల్లిగా బండ మీదికి వచ్చాయి.

"కానీ నీళ్ళు మోకాళ్ళకే ఉన్నాయి కదండీ" అన్నాడు.

వెనక అతని మనుషులు మొదటి పడవను బస్సు మీదినుంచి దించుతున్నారు. ఎవేలియో వెళ్ళి ఆ పడవ తాడు కొస తీసుకుని, చేతికి చుట్టుకుని, గట్టున కూర్చున్నాడు. లంక మీద కత్తి చప్పుడు ఆగలేదు. బండ మోకాళ్ళ మీద పొద్దుటి తడి గీత ఆరిపోతోంది. నీళ్ళు దాని కింద, ఇంకా దిగుతున్నాయి.